చేపకు పరీక్ష ఉంది, చేయి పెట్టినవాడికి లేదు

2018 జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపల దిగుమతిని పది రోజుల పాటు ఆపేసింది. ల్యాబ్ పరీక్షల్లో ఫార్మలిన్ బయటపడిందని కారణం చెప్పింది. దానికి ముందు నెలలోనే కేరళ ఆహార భద్రతా శాఖ 'ఆపరేషన్ సాగర్ రాణి' పేరుతో చెక్‌పోస్టుల దగ్గర చేపల లారీలను ఆపి, ఫార్మలిన్ కలిసిన సరుకును టన్నుల లెక్కన పట్టుకుంది. గోవాలోనూ, ఈశాన్య రాష్ట్రాల్లోనూ అదే కలకలం. 2019 జనవరిలో బిహార్ ప్రభుత్వం పట్నాలో ఆంధ్ర, బెంగాల్ చేపల అమ్మకాన్ని పదిహేను రోజులు నిషేధించింది.

ఈ వార్తలు కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లకు పిడుగులా తగిలాయి. కైకలూరు, ఆకివీడు, నారాయణపురం, భీమవరం నుంచి బొచ్చె, శీలావతి చేపలు ఐసులో కప్పుకుని లారీల మీద కలకత్తా దాటి గౌహతి దాకా వెళతాయి. దాదాపు రెండు వేల కిలోమీటర్ల ప్రయాణం. ఐసు కరిగిపోతే సరుకు పోయినట్టే. 'మా చెరువులో మందు లేదు, మా ప్యాకింగ్‌లో ఐసు తప్ప మరేమీ లేదు' అని ఇక్కడి రైతులు, వ్యాపారులు గట్టిగానే చెప్పారు. దారిలో ఎవరు కలిపారు, అక్కడి మార్కెట్లో ఎవరు కలిపారు అన్న వాదన నెలల తరబడి నడిచింది. అస్సాంలో తినేవాడి ఆరోగ్యం గురించి మాట్లాడారు. ఆంధ్రలో అమ్మేవాడి నష్టం గురించి మాట్లాడారు. ఫార్మలిన్ ఎక్కడ కలిపినా, డబ్బా మూత తీసి, నీళ్లలో పోసి, అందులో చేతులు ముంచిన కూలీ ఒకడు ఉంటాడు కదా. అతని గురించి రెండు రాష్ట్రాల్లోనూ ఎవరూ అడగలేదు.

అడగవలసిన కారణం వైద్యశాస్త్రంలోనే ఉంది. ఫార్మలిన్ అంటే ఫార్మాల్డిహైడ్ వాయువును నీళ్లలో సుమారు 37 శాతం మేరకు కరిగించిన ద్రావణం. శవాలను, ల్యాబుల్లో శరీర భాగాలను చెడకుండా ఉంచడానికి వాడేది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐ.ఎ.ఆర్.సి.) 2004లో ఫార్మాల్డిహైడ్‌ను ఒకటో గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితాలో చేర్చింది. ముందు ముక్కు వెనుక భాగంలో వచ్చే క్యాన్సర్‌కు, కొన్నేళ్ల తర్వాత ఒక రకం రక్త క్యాన్సర్‌కు కూడా దీనితో సంబంధం ఉందని తేల్చింది. ఆ రుజువులు ఎక్కువగా వచ్చింది దాన్ని పీల్చిన మనుషుల నుంచి: ఫ్యాక్టరీ కార్మికులు, శవాలకు మందు ఎక్కించే పనివాళ్లు. తినడం వల్ల వచ్చే ముప్పు గురించి చెప్పగలిగినది ఇంతకంటే చాలా తక్కువ. చేపలో ఫార్మలిన్ ఉండకూడదన్న నిబంధన సరైనదే, దాని మీద రాజీ అక్కర్లేదు. కానీ శాస్త్రం వేలు చూపిస్తున్నది ముందుగా షెడ్డులో నిలబడినవాడి వైపు.

ఒకటో గ్రూపు అన్న మాటను మన పత్రికలు తరచు తప్పుగా వాడతాయి. ఆ గ్రూపులు చెప్పేది రుజువు ఎంత గట్టిదో మాత్రమే. పదార్థం ఎంత ప్రమాదకరమో, ఎంత మోతాదులో ఎంతమందికి జబ్బు వస్తుందో అవి చెప్పవు. ఆ మోతాదు లెక్క కట్టి హద్దు గీసే పని ప్రభుత్వాలది. ఈ హద్దు గీసే పని మన దేశంలో ఎలా జరిగింది, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతంలో అది ఎవరిదాకా చేరింది అన్నదే నేను చూడదలచుకున్నది.

తినేవాడి వైపు హద్దు త్వరగానే వచ్చింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ నిమిషాల్లో ఫార్మలిన్‌ను పట్టే కాగితపు పట్టీల కిట్ తయారుచేసింది. కొన్ని సముద్రపు చేపల్లో ఫార్మాల్డిహైడ్ సహజంగానే పుడుతుంది కాబట్టి, కలిపినదాన్నీ పుట్టినదాన్నీ వేరు చేయడానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో అంకెలు ప్రకటించింది. మంచినీటి చేపలకు కిలోకు 4 మిల్లీగ్రాములు, సహజంగా ఎక్కువగా ఉండే ఒకటి రెండు రకాలకు 100 దాకా. వివాదం రేగిన ఏడాదికి అటూ ఇటూగా కిట్, అంకె, తనిఖీ మూడూ వచ్చాయంటే, కావాలనుకుంటే ప్రభుత్వాలు ఎంత వేగంగా పనిచేయగలవో తెలుస్తుంది.

పనిచేసేవాడి వైపు హద్దు అంతకు ముప్పై ఏళ్ల ముందే ఉంది. భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పనిచోట గాలిలో ఏ రసాయనం ఎంత ఉండవచ్చో చెప్పే రెండో షెడ్యూల్‌ను చేర్చారు. అందులో ఫార్మాల్డిహైడ్‌కు ఎనిమిది గంటల సగటు పది లక్షల భాగాల గాలిలో 1 భాగం. పక్కనే, క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్నదని సూచించే గుర్తు. అమెరికా తన హద్దును 1992లో 0.75కు తగ్గించింది, యూరప్ 2019లో 0.3కు దించింది. ఒకటో గ్రూపు నిర్ణయం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. 'అనుమానం' అన్నది ఎప్పుడో రుజువుగా మారింది.

అంకె పాతది కావడం ఒక లోపం. దానికంటే పెద్ద లోపం, ఆ అంకె వర్తించే చోటు ఇక్కడ చాలా తక్కువ కావడం. ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది కార్మికులు ఉంటేనే వర్తించేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యలను ఇరవైకి, నలభైకి పెంచింది. ప్రమాదకర పనులకు, సంఖ్య ఎంతైనా, చట్టాన్ని వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. కానీ ప్రభుత్వం దాన్ని వాడాలి. కొల్లేటి పక్క చేపల ప్యాకింగ్ షెడ్డును ఊహించుకోండి. పట్టుబడి ఉన్న రాత్రి ముఠా కూలీలు వస్తారు, తెల్లవారేసరికి లారీ వెళుతుంది, వాళ్లు ఇంకో షెడ్డుకు పోతారు. మస్టరు లేదు, యజమాని ఎవరో ఖాయంగా చెప్పలేరు. గాలిలో ఎంత ఉందో కొలిచే మీటర్ సంగతి ఎత్తక్కర్లేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కూలీకి ముక్కు లోపల గడ్డ వస్తే, ఏ షెడ్డులో ఏ డబ్బా పట్టుకున్నాడో చెప్పే కాగితం ముక్క ఎక్కడా దొరకదు.

2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న ఉద్యోగుల పరిహార చట్టంలో వృత్తి వల్ల వచ్చే కొన్ని క్యాన్సర్ల జాబితా ఉండేది. ఆ ఉద్యోగంలో వరుసగా ఆరు నెలలు చేసి ఉంటే, జబ్బు పని వల్లే వచ్చిందని చట్టమే అనుకునేది. ఆలోచన గొప్పది. కానీ ఆరు నెలలు ఒకే చోట పనిచేశానని రుజువు చూపగలిగే ముఠా కూలీ ఎక్కడున్నాడు?

క్యాన్సర్ కారకాల విషయంలో మన చట్టాల పుట్టుకే ఒక ఇబ్బంది. అవి దాదాపుగా అన్నీ ఒక్కసారి జరిగిన ఘోరాల నుంచి పుట్టాయి. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన పిండి తిని వందమందికి పైగా చనిపోతే, పదేళ్లకు 1968 పురుగుమందుల చట్టం వచ్చింది. భోపాల్ తర్వాత పర్యావరణ చట్టం, ఫ్యాక్టరీల చట్టానికి సవరణలు వచ్చాయి. అందుకే వాటి కన్ను వెంటనే చంపేదాన్ని పట్టడానికే అలవాటు పడింది. నెమ్మదిగా చంపేది దాని చూపుకు ఆనదు.

పురుగుమందు డబ్బా మీద ఉండే రంగు గుర్తునే చూడండి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. 1971 నియమాల ప్రకారం ఆ రంగును నిర్ణయించేది ఎలుకల్లో సగాన్ని చంపడానికి ఎంత మోతాదు కావాలన్న లెక్క. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపైతే ఎరుపు, 5000 దాటితే ఆకుపచ్చ. పదేళ్లు, ఇరవై ఏళ్లు కొద్దికొద్దిగా ఒంటికి తగిలితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ రంగులో జవాబు లేదు. తాడేపల్లిగూడెం మందుల షాపులో నిలబడి 'ఆకుపచ్చ గుర్తుది, పరవాలేదు' అనుకుని కొనుక్కెళ్లే కౌలు రైతు తప్పు చదవలేదు. ఆ గుర్తే సగం మాట చెప్పి ఊరుకుంది. డీడీటీ, మలాథియాన్, డయాజినాన్, గ్లైఫోసేట్ అన్నవి నాలుగూ 2015లో ఐ.ఎ.ఆర్.సి. 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న గ్రూపులో చేర్చినవే. లిండేన్‌నైతే అదే ఏడాది నేరుగా ఒకటో గ్రూపులో పెట్టింది. డబ్బా మీది రంగులు మాత్రం మారలేదు.

గ్లైఫోసేట్ మీద కేంద్రం 2022 అక్టోబర్‌లో ఆంక్ష పెట్టింది. చీడల నివారణకు లైసెన్సు ఉన్న ఆపరేటర్లు మాత్రమే కొట్టాలని. గడ్డిమందు కొట్టే కూలీల్లో అలాంటి లైసెన్సున్న వాళ్లు ఎందరో గోదావరి జిల్లాల్లో గట్ల మీద నడిచిన ఎవరికైనా తెలుసు. అమలు చేయగలిగే ఏర్పాటు లేకుండా పెట్టిన ఆంక్ష రైతును నేరస్థుణ్ణి చేస్తుంది తప్ప కూలీ ఊపిరిని కాపాడదు.

నిషేధాల నడక మరీ నెమ్మది. ఇతర దేశాలు ఆపేసి మనం వాడుతున్న 66 మందులను పరిశీలించడానికి 2013లో అనుపమ్ వర్మ అధ్యక్షతన కమిటీ వేశారు. 2018 ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది: పన్నెండు మందులు వెంటనే బంద్, ఆరింటి వాడకానికి 2020 డిసెంబర్ 31 దాకా గడువు. 2020 మేలో మరో 27 మందుల నిషేధానికి ముసాయిదా వచ్చింది. మూడేళ్ల తర్వాత 2023లో చివరికి పూర్తిగా ఆపినవి డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్ మూడే. నాలుగోదైన మోనోక్రోటోఫాస్‌లో ఒక రకాన్ని మాత్రం ఆపారు.

గడువు ఇచ్చిన ఆ ఆరు మందుల్లో ఒకటి ట్రైజోఫాస్. దాని గడువు తీరడానికి నాలుగు వారాల ముందు, 2020 డిసెంబర్ 5న, ఏలూరు వన్ టౌన్‌లో జనం నిలుచున్నవాళ్లు నిలుచున్నట్టే పడిపోయారు. మూర్ఛ, నోట నురగ, కొద్దిసేపు మతిలేకపోవడం. దక్షిణపు వీధితో మొదలై కొన్ని రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, నాగ్‌పూర్ నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నీ కదిలాయి. ముందు రక్తంలో సీసం, నికెల్ అన్నారు. డిసెంబర్ మధ్యకు వచ్చేసరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ఎయిమ్స్, పోషకాహార సంస్థ అభిప్రాయపడ్డాయి. అప్పటి వార్తల్లో వినిపించిన పేర్లలో ట్రైజోఫాస్ ఒకటి. అది ఒంట్లోకి ఏ దారిన వచ్చిందన్నది దీర్ఘకాల అధ్యయనానికి వదిలేశారు.

ఏలూరుది క్యాన్సర్ కథ కాదు. అయినా ఈ సమీక్షలో దానికి చోటుంది. ఎందుకంటే ఊరు తాగే నీటిలో, తినే కూరల్లో, పాలలో ఏముందో మామూలు రోజుల్లో క్రమం తప్పకుండా కొలిచి రాసిపెట్టిన లెక్క లేకపోవడం వల్లే నిపుణులు అన్ని దిక్కులకూ పరుగెత్తవలసి వచ్చింది. ఆరు వందల మంది ఒక్క వారంలో పడిపోతే ముఖ్యమంత్రి వచ్చాడు, ఢిల్లీ నుంచి బృందాలు వచ్చాయి. అదే మందులు అదే జనంలో ఇరవై ఏళ్లకు వీధికి ఒకరి చొప్పున రక్త క్యాన్సర్‌గా బయటపడితే, ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరి ఆసుపత్రికి, ఒక్కొక్క ఏడాది వెళతారు. ఏ బృందమూ రాదు. ఆ జబ్బులను ఒకచోట కలిపి చూసే కన్ను లేకపోతే అసలు ఏదైనా జరిగిందన్న సంగతే నమోదు కాదు.

2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో క్యాన్సర్ రోగులు ఎక్కువగా ఉన్నారన్న మాట శాసనసభ దాకా వెళ్లింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశాయి. గోదావరి జిల్లాల్లో క్యాన్సర్ వచ్చిన ప్రతి ఇంట్లోనూ రసాయనాన్నే దోషిగా నిలబెట్టకూడదు. పొగాకు వాటా చాలా పెద్దది, వయసు వాటా ఉంది. కానీ ఎవరు ఏ పని చేశారు, ఏ గాలి పీల్చారు అన్న పాత లెక్క లేనిచోట, పరిశ్రమను నిందించడానికీ ఆధారం ఉండదు, నిర్దోషి అనడానికీ ఉండదు. ఇరుపక్షాలూ అరుచుకోవడం మాత్రమే మిగులుతుంది.

లెక్క రాయడం మనవాళ్లకు చేతకాదనలేం. ఆక్వాలోనే దానికి సాక్ష్యం ఉంది. 2000 తర్వాతి సంవత్సరాల్లో మన రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ కనిపించి యూరప్ సరుకు వెనక్కి పంపింది. క్లోరాంఫెనికాల్ 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న గ్రూపులో ఉన్న యాంటీబయోటిక్. 2016లో యూరప్ తన రేవుల్లో తనిఖీ చేసే మన సరుకు వాటాను పదిశాతం నుంచి యాభైకి పెంచింది. దెబ్బకు ఇక్కడ అంతా దారికొచ్చింది. పట్టుబడికి ముందే రొయ్య శాంపిలు తీసి ల్యాబుకు పంపడం, చెరువు నంబరు, రైతు పేరు, మందుల వాడకం నమోదు చేయడం, వంద కోట్ల భాగాల్లో ఒక్క భాగం కంటే తక్కువున్నా పట్టగల యంత్రాలు. భీమవరం ప్రాంతంలో ఇదంతా మామూలు సంగతైపోయింది. అదే రైతు పక్క చెరువులోని బొచ్చె చేప ఏలూరు మార్కెట్‌కు వచ్చేటప్పుడు ఈ పరీక్షల్లో ఒక్కటీ అడ్డం రాదు. ఫంగసు తగిలిన చేపలకు మలాకైట్ గ్రీన్ వాడకూడదన్న నిషేధం ఉంది, చెరువు గట్టున అడిగేవాడు లేడు. బ్రస్సెల్స్‌లో తినేవాడికి ఇచ్చిన విలువ కైకలూరులో తినేవాడికి ఇవ్వకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే విషయం.

ఏలూరు తివాచీల కథా అంతే. జర్మనీ 1994లో క్యాన్సర్ కారక అమీన్లను విడుదల చేసే అజో రంగులను నిషేధించింది. మన దేశం 1993లో 42 బెంజిడిన్ రంగులనూ, 1997లో 70 అజో రంగులనూ నిషేధించింది. రంగుల ఫ్యాక్టరీల కార్మికుల్లో మూత్రాశయ క్యాన్సర్ రావడాన్ని పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే వైద్యులు గమనిస్తూ వచ్చారు. తివాచీ మీద నడిచే యూరప్ కొనుగోలుదారు భయపడేదాకా రంగు బాన ముందు నిలబడినవాడి మూత్రాశయం ప్రపంచానికి పట్టలేదు.

నూజివీడు మామిడి సంగతి కాస్త మేలు. కార్బైడ్‌తో పండించడం నిషేధమే అయినా ఏటా జరుగుతుంటే, 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు తనంత తానే కేసు చేపట్టి ప్రభుత్వాలను నిలదీసింది. మార్కెట్ కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. 2016లో దానికి బదులు ఇథిలీన్ వాయువును పది లక్షల భాగాల్లో 100 భాగాల దాకా అనుమతించారు. వ్యాపారికి వేరే దారి చూపించి నిషేధించడం వల్ల ఇక్కడ నిబంధన కొంతైనా నిలబడింది. బ్రెడ్డులో పొటాషియం బ్రోమేట్‌ను 2016లో తీసేయడం, ఇళ్ల రంగుల్లో సీసాన్ని 2017 నవంబర్ నుంచి 90 పీపీఎంకు కట్టడి చేయడం కూడా ఇలాంటివే. బదులుగా వాడుకోదగింది సిద్ధంగా ఉండి, తయారీదారులు కొద్దిమందే అయినప్పుడు నియంత్రణ పనిచేస్తుంది.

సిమెంటు రేకుల విషయంలో అదీ జరగలేదు. కొల్లేటి లంకల్లో పాకల మీద, కోళ్ల షెడ్ల మీద, ఐసు ఫ్యాక్టరీల మీద కనిపించే పాత రేకుల్లో ఉన్నది ఆస్‌బెస్టాస్. అన్ని రకాల ఆస్‌బెస్టాసూ ఒకటో గ్రూపే. యూరప్ నిషేధించింది, అమెరికా 2024 మార్చిలో మిగిలిన తెల్ల ఆస్‌బెస్టాస్‌నూ నిషేధించింది. మనం దిగుమతి చేసుకుని రేకులు పోస్తూనే ఉన్నాం. కప్పు మీద కదలకుండా ఉన్న రేకు వల్ల ముప్పు తక్కువ. తుపాను గాలికి విరిగిన రేకును రంపంతో కోసేవాడికి, పగలగొట్టి గుంత పూడ్చేవాడికి అసలు ముప్పు. వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

అయితే ఆస్‌బెస్టాస్ విషయంలోనే మన దేశంలో అత్యుత్తమమైన ఉత్తర్వు ఒకటి వచ్చింది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, ఆస్‌బెస్టాస్ పరిశ్రమల్లో ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా భద్రపరచాలని ఆదేశించింది. క్యాన్సర్ నెమ్మదిగా వస్తుందన్న సత్యాన్ని చట్టం భాషలోకి తెచ్చిన మాట అది. ఫార్మాల్డిహైడ్, బెంజీన్, పురుగుమందులు వాడే పనులన్నిటికీ ఆ సూత్రం వర్తించాలి.

2022 ఏప్రిల్ 13 రాత్రి ఏలూరు జిల్లా ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో పోరస్ ల్యాబొరేటరీస్ రసాయన ఫ్యాక్టరీ‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. వారిలో నలుగురు బిహార్ నుంచి వచ్చినవాళ్లు. మంటలు ఆరిన తర్వాత విచారణ అంతా ఆ రాత్రి గురించే. ఆ రాత్రికి ముందు ఏళ్ల తరబడి ఆ పనిలో ఉండి, ఇంటికి తిరిగి వెళ్లిపోయిన బిహారీ కూలీకి ఎప్పుడైనా జబ్బు చేస్తే, అతని రికార్డు అతనితో పాటు పట్నా దాకా వెళ్లే ఏర్పాటు ఎక్కడుంది? కొత్త వృత్తి భద్రతా కోడ్ ఉచిత వార్షిక ఆరోగ్య పరీక్ష అంటోంది. మంచిదే. ఆ పరీక్ష ఫలితం యజమాని బీరువాలో కాక కార్మికుడి చేతిలో ఉండాలి.

దేశంలో వాడే రసాయనాలన్నిటినీ నమోదు చేయించే నియమాల ముసాయిదా 2020 నుంచి నలుగుతోంది. 2007లోనే యూరప్ ఆ పని చేసింది. ఢిల్లీ కదిలేదాకా ఏలూరు ఆగనక్కర్లేదు. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ ఉంది. గాలి, నీరు, కూరగాయల శాంపిళ్లు నెలనెలా తీసి ఆ అంకెలను పంచాయతీ బోర్డు మీద రాయడానికి ఈ రెండూ చాలు. ప్యాకింగ్ షెడ్డులో ఫార్మలిన్ పట్టీ పరీక్ష చేపతో ఆగకుండా కూలీల చేతుల కింది నీళ్లకూ చేయాలి. ఐసు ఫ్యాక్టరీకి కరెంటు రాయితీ ఇస్తే ఫార్మలిన్ అవసరమే తగ్గుతుంది, అది నిషేధం కంటే ముందు పనిచేస్తుంది.

2023 నుంచి ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడికి వచ్చే ప్రతి క్యాన్సర్ రోగి కేసు షీటులో వయసు, ఊరు, పొగాకు అలవాటు పక్కన ఇంకో గడి ఉండాలి: ఇప్పటిదాకా ఏయే పనులు, ఎక్కడెక్కడ, ఎన్నేళ్లు. మందు కొట్టాడా, చేపల షెడ్డులో చేశాడా, రేకులు కోశాడా, రంగు బాన దగ్గర నిలబడ్డాడా. ఆ గడి నింపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, వైద్యుడికి అయిదు నిమిషాలు పడుతుంది. పదేళ్లు నిజాయితీగా నింపితే ఈ ప్రాంతంలో ఏ పనికి ఏ హద్దు గీయాలో చెప్పగలిగే మొదటి కాగితం అదే అవుతుంది.